బోర్డుకు రూపాయి

మేము మడివాళలో ఉంటున్నామని చెప్పగానే ఆంధ్రదేశపు బంధువులు, "అక్కడందరూ మడి కట్టుకుంటారా?" అని అడుగుతారు. ఈ ప్రశ్న ఇప్పటికి ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. కన్నడంలో మడి అంటే ఉతికిన బట్ట, మడివాళుడంటే చాకలి. పన్నెండవ శతాబ్దంలో బసవేశ్వరుని కాలాన శివభక్తుడై ప్రసిద్ధికెక్కిన మడివాళ మాచిదేవుడిదీ ఆ వృత్తే. ఇక నేటి మడివాళలో మడి సంగతంటారా, కూరగాయల మార్కెట్టు ప్రక్కగా నడిచి ఇల్లు చేరేలోపల ఎంతటి నిష్ఠాపరులకైనా అది మిగలదు.

మా పేట ఏ ఒక్క భాషకూ చెందింది కాదు. సోమేశ్వరుని గుడి గోడమీద శాసనాలు తమిళంలో ఉన్నాయి. వాటిలో ఒకటి 1247వ సంవత్సరానిది, బేగూరువాసి ఒకరు భూమి దానం చేసిన సంగతి. వీధి చివరి బేకరీలో మాటలు మలయాళం. గుడిలో మంత్రాలు సంస్కృతం, తగవులు కన్నడం. సాయంకాలమైతే హొసూరు రోడ్డు ప్రక్కన ప్రైవేటు బస్సుల కుర్రాళ్ళు "నెల్లూరు, ఒంగోలు, విజయవాడ!" అని తెలుగులో కేకలు వేస్తారు. తెల్లవారుజామున అవే బస్సులు అవే ఊళ్ళనుంచి జనాన్ని తెచ్చి దింపుతాయి. ఒక చేతిలో ఆవకాయ జాడీ, ఇంకొక చేతిలో లాప్‌టాపు సంచీ, కళ్ళలో నిద్ర. మా చిన్న తెలుగుదేశం రోజుకు రెండు పూటలు ఇలా పుట్టి, గంటలో కరిగిపోతూ ఉంటుంది.

ఇన్ని భాషల మధ్య మా మనుమరాలికి చదవటం రానిది ఒక్క తెలుగే. ఇంట్లో మాట్లాడుతుంది, బ్రహ్మాండంగా పోట్లాడుతుంది కూడాను. చదవటం మాత్రం రాదు. కర్ణాటకంలో 2015లో వచ్చిన చట్టం పుణ్యమా అని బడిలో కన్నడం నేర్పుతున్నారు, అది చక్కగా చదువుతుంది. తెలుగు నేర్పుదామని నేను పెద్ద బాలశిక్ష కొని తెచ్చాను. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ పుస్తకాన్ని కుర్చీమీద వేసుకుని, దానిమీద కూర్చుని కంప్యూటరు అందుకునేది. పుస్తకం వృథా పోలేదని మా ఆవిడ నన్ను ఓదార్చింది.

అసలు తప్పు అంతకు ముందు తరానిది, అంటే నాదే. ఉద్యోగపు బదిలీలతో నాగపూరు, భోపాలు తిరిగే రోజుల్లో మా అబ్బాయికి హిందీ వచ్చింది, ఇంగ్లీషు వచ్చింది. తెలుగు అక్షరాలు "వచ్చే సెలవుల్లో" అనుకుంటూ ఉండగానే వాడికి పెళ్ళయింది. ఇప్పుడు వాడి కూతురి విషయంలోనూ నేను "వచ్చే సెలవుల్లో" అనే అంటున్నానని మా ఆవిడే కనిపెట్టింది.

ఇంతలో ధర్మవరంనుంచి కార్డు వచ్చింది. మా వదినగారు, అంటే మా ఆవిడకు అక్కగారు, అక్కడ ఉంటారు. ఐదేళ్ళుగా ఆమెకు చెవులు బొత్తిగా వినిపించవు. ఫోనులో మనం అరిచి అలసిపోవటమే గాని ఆమెకు చేరేది ఏమీ లేదు. అందుచేత ఈ కాలంలో కూడా అర్ధరూపాయి కార్డుమీద ముత్యాలవంటి అక్షరాలతో ఉత్తరం వ్రాస్తారు. "పిల్లను వేసవిలో పది దినాలు నా దగ్గర ఉంచండి. వచ్చే ఏటికి నేనుంటానో లేదో" అని వ్రాశారు. ఈ రెండో వాక్యం ఆమె ఏటేటా వ్రాసేదే అయినా, ఏటేటా దానికి విలువ పెరుగుతూనే ఉన్నది గదా.

ప్రయాణం ముందురోజు రాత్రి మా ఆవిడ సామాను సర్దుతూ, "అక్కకు వినబడదు, దీనికి తెలుగు వ్రాయటం రాదు. పది రోజులు ఇద్దరూ ఎట్లా మాట్లాడుకుంటారు?" అన్నది.

"చేతులున్నాయి గదా, సైగలు చేసుకుంటారు" అన్నాను. ఆమె నావైపు చూసిన చూపుకు సైగలతో కూడా జవాబు చెప్పలేకపోయాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాము. మడివాళ మనిషికి ప్రయాణంలో మొదటి పాఠం పుట్టుకతోనే తెలుసు: సిల్క్‌బోర్డు కూడలి నిద్ర లేవకముందే దాన్ని దాటాలి. లేచిందంటే నెత్తిమీద ఎన్ని వంతెనలున్నా లాభం లేదు. 2010లో ఎలక్ట్రానిక్ సిటీకి ఎత్తు రోడ్డు వేశారు. 2024లో రెండంతస్తుల వంతెన తెరిచారు. 2025 ఆగస్టునుంచి పసుపు మెట్రో కూడా నడుస్తున్నది. అన్నీ పైన, జనం క్రింద. డ్రైవరు సీటులో మా అబ్బాయి, ప్రక్కన నేను, వెనుక మా ఆవిడ, పాప, మధ్యన సద్దిమూట. కోడలికి ఆఫీసులో సెలవు దొరకలేదు.

"తాతా, సిల్క్‌బోర్డులో సిల్కు ఎక్కడుంది?" అన్నది పాప.

అక్కడ ఉన్నది పట్టు పరిశ్రమను చూసుకునే కేంద్రప్రభుత్వ సంస్థ, 1948 నాటి చట్టం క్రింద ఏర్పడ్డది, అని చెప్పాను. పట్టు చూడాలంటే మనం పోతున్న ధర్మవరంలోనే చూడాలన్నాను. ఆ మాటతో పాపకు ఊరిమీద కాస్త గౌరవం కలిగింది.

రింగురోడ్డుమీద మారతహళ్ళి బోర్డు కనబడింది. ఊరికే ఉండలేక, కన్నడపు హళ్ళి, మన పల్లి ఒకటేనని చెప్పాను. వెయ్యేళ్ళ క్రిందటి కన్నడంలో ఆ మాటలకు మొదట మనలాగే ప-కారమే ఉండేది. తరువాత తరువాత అది హ-కారమైంది. హాలు పాలు, హూవు పూవు, హులి పులి, హంది పంది, హావు పాము. పాప కాసేపు ఆలోచించింది.

"అయితే హోటలు పోటలా?"

"కాదు, అది ఇంగ్లీషు మాట."

"హనుమంతుడు?"

"అది సంస్కృతం."

"హెబ్బాళ?"

అక్కడికి నా పాండిత్యం ఆఖరైంది. "నాన్నా, మీరు ఊరికే కూర్చుంటే నేను దారి చూసుకుంటాను" అన్నాడు మా అబ్బాయి. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం దాటేదాకా నేను ఊరికే కూర్చున్నాను.

బాగేపల్లిలో ఫలహారానికి ఆగాము. ఈ ఊరు కర్ణాటకంలోనే ఉన్నది, పేరులో మాత్రం హళ్ళి కాదు, పల్లి. హోటలు బోర్డు కన్నడం. లోపల ఇడ్లీ తెచ్చినవాడు, డబ్బు పుచ్చుకున్నవాడు, ప్రక్క బల్లమీద టమాటా ధర గురించి వాదించుకుంటున్న ఇద్దరు రైతులు, అందరూ తెలుగే. పాప కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. "తాతా, వీళ్ళు కన్నడంలో వ్రాసుకుని తెలుగులో మాట్లాడుతున్నారే!" అన్నది. సరిహద్దుకు అవతల మడకశిర, హిందూపురం ప్రాంతాల్లో కన్నడం ఇంటిభాషగా ఉన్నవాళ్ళు అట్లాగే తెలుగు బోర్డుల క్రింద కాపురం చేస్తున్నారు. 1953లోను, 1956లోను గీతలు గీసినవాళ్ళు వీళ్ళ నోళ్ళను ఆ గీతకు అటొకటి ఇటొకటిగా పంచలేకపోయారు.

బిల్లు చెల్లించి కారెక్కుతుండగా మా ఆవిడ ఒక మాట అన్నది. "వీళ్ళు చేసింది నువ్వు తిరగేసి చెయ్యి చూద్దాం. నీకు కన్నడం చదవటం వచ్చు, తెలుగు మాట్లాడటం వచ్చు. ఇక మీదట వచ్చే తెలుగు బోర్డులన్నీ నువ్వే చదువు."

"నాకేమిస్తారు?"

బెంగుళూరు పిల్ల! బోర్డుకు రూపాయి అని బేరం కుదిరింది. ఇంగ్లీషు వరుస చూస్తే రూపాయి లేదు. ఒత్తు అక్షరం ఉంటే రెండు రూపాయలు కావాలన్నది పాప. ఒప్పుకున్నాను. తెలుగులో ఎన్ని ఒత్తులున్నాయో అప్పుడు నాకు జ్ఞాపకం రాలేదు.

ఇక్కడ కొంచెం ఆగి చదువరులకు ఒక సంగతి మనవి చేసుకోవాలి. తెలుగు, కన్నడం ఒకే లిపినుంచి చీలిన అక్కచెల్లెళ్ళు. పదమూడు, పదిహేను శతాబ్దుల మధ్య వేరు కాపురాలు పెట్టాయంటారు. గ, డ, ద, న, మ, ర, ల ఈనాటికీ దాదాపు ఒకే ముఖం. క, త, శ, హ వంటివి మాత్రం వేషం మార్చాయి. ఏత్వం, ఓత్వం వ్రాసే తీరులోనూ, దీర్ఘం పెట్టే చోటులోనూ కొంత తేడా ఉన్నది. ఇదంతా నాకు చాలాకాలంగా తెలుసు. తెలిసి కూడా పిల్లకు అ, ఆ లనుంచి మొదలుపెట్టి నేర్పబోయాను. వచ్చిన అక్షరాలే మళ్ళీ నేర్చుకోవాలంటే ఎవరికి మాత్రం విసుగు పుట్టదు!

ఆంధ్రలో అడుగు పెట్టగానే వచ్చేది కొడికొండ. పాప దురదృష్టం కొద్దీ ఆ పేరులో "క" రెండుసార్లు ఉన్నది. "ఒడి... ఒండ" అని చదివింది. మా అబ్బాయి నవ్వాడు. "నువ్వు చదువు నాన్నా!" అన్నది పాప. వాడు నవ్వటం మానేసి గేరు మార్చాడు.

"క" ఎట్లా ఉంటుందో మా ఆవిడ చేతిమీద వేలితో వ్రాసి చూపింది. తరువాతి పచ్చబోర్డు దగ్గర పాప గట్టిగా, "పా...ల...సముద్రం!" అన్నది. తప్పు లేకుండా మొత్తం చదివిన మొదటి తెలుగు మాట అదే. కారులో పెద్ద గొడవ. పాలసముద్రం నిజంగా ఉందా, ఎటువైపు ఉంది, దాంట్లో పడవలుంటాయా? అదొక పల్లె అని, సుంకాల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థను 2024లో అక్కడే తెరిచారని నేను చెబితే పిల్ల ముఖం చిన్నబోయింది. "ద్ర"లో ఒత్తున్నదని రెండు రూపాయలు మాత్రం మరిచిపోకుండా వ్రాసుకున్నది.

కొడికొండ దగ్గర ఎడమకు తిరిగి లేపాక్షి చూడటం మా ముందరి ఏర్పాటు. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్న అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం. ఊరి మొదట్లోనే ఒకే రాతిలో చెక్కిన నంది, ఎత్తు పదిహేను అడుగులు, పొడుగు ఇరవయ్యేడు అడుగులు. దాని మెడలోని గంటల పేరుల్ని చూసి పాప తన కాలిపట్టీలు చూసుకున్నది. గుడిలో నేలకు పూర్తిగా ఆనని స్తంభం క్రింద అందరిలాగానే మేమూ రుమాలు దూర్చి లాగాము. అవతలివైపు వచ్చిన రుమాలుకు ఎక్కడెక్కడి దుమ్మో అంటుకున్నది. మడివాళ మాచిదేవుడు గుర్తుకు వచ్చాడు. వ్రేలాడే స్తంభానికన్నా నాకు ఎక్కువ నచ్చింది ముగియని కళ్యాణమండపం. పైకప్పు లేక, ఎండలో స్తంభాలన్నీ పెళ్ళివారి కోసం ఇంకా ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంటాయి. తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టిన విరూపణ్ణ కథ ఒకటి, రాముడు జటాయువును "లే పక్షీ" అన్న కథ ఇంకొకటి. పాప రెండవదానికే ఓటు వేసింది.

అక్కడి కన్నడ శాసనం ఒకటి చూపించి, "ఇది చదువు" అన్నాను. చాలాసేపు చూసింది. ఒకటి రెండు అక్షరాలు పోల్చుకుని, "ఇది కన్నడమూ కాదు, తెలుగూ కాదు, రెండూనూ" అన్నది. అంతకన్న బాగా నేను చెప్పలేను గనుక ఊరుకున్నాను.

పాఠాల మాట వచ్చింది గనుక లేపాక్షిలో నేర్చుకున్న ఇంకొక పాఠం కూడా చెబుతాను. మే నెలలో రాతిగుడికి పది గంటల లోపల పోవాలి. మేము బయటికి వచ్చేసరికి పదకొండున్నర. చెప్పులు గోపురం బయట. మధ్యన ఉన్న రాతి పరపుమీద డెబ్బై ఏళ్ళ నేను వేసిన చిందులకు అక్కడున్న యాత్రికులు ప్రక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. మా ఆవిడ తాపీగా కొంగు తడుపుకుని, దాన్ని పరుచుకుంటూ నడిచి వచ్చింది. ఈ ఉపాయం ముందే ఎందుకు చెప్పలేదంటే, "మీరు అడగలేదు" అన్నది.

చింతచెట్టు క్రింద సద్దిమూట విప్పాము. చిత్రాన్నం, పెరుగన్నం, ఊరమిరపకాయలు. ఎదుట గంపలో ముంజలు. ఇక్కడ వర్ణన అనవసరం.

కొడికొండకు తిరిగి వెళ్ళి పెద్దరోడ్డు ఎక్కితే సరిపోయేది. ఫోనులోని అమ్మాయి మాత్రం దగ్గరి దారి ఉన్నదని తియ్యగా చెప్పింది. మా అబ్బాయికి నామీద కన్నా ఆ అమ్మాయిమీద నమ్మకం ఎక్కువ. ఐదారు మైళ్ళు పోయేసరికి తారు పోయింది, తరువాత సిగ్నలు పోయింది, ఆ తరువాత ఆ అమ్మాయి కూడా పోయింది. ఎండిన చెరువుగట్టు, తుమ్మచెట్లు, దూరాన గొర్రెలు. కాపరి ఎక్కడా లేడు. ఎదురుగా దారి రెండుగా చీలింది. అక్కడొక సిమెంటు దిమ్మమీద రెండు పేర్లు, రెండు బాణాలు. ఇంగ్లీషు లేదు, హిందీ లేదు.

మా అబ్బాయి కారు ఆపి దిమ్మకేసి చూశాడు. వాడి మెడ వెనుక ఎరుపెక్కింది. నలభై రెండేళ్ళవాడు, పెద్ద ఉద్యోగి, సొంత భాషలో దారి చదవలేక కూర్చున్నాడు. నేను నోరు తెరవబోయాను. వెనుకనుంచి మా ఆవిడ చెయ్యి నా భుజంమీద పడి గట్టిగా నొక్కింది. ముప్ఫై ఏళ్ళనాడు చెయ్యాల్సిన పనిని ఇప్పుడు ఒక్క క్షణంలో చేసేసి తప్పించుకోవద్దన్నట్టుగా ఉన్నది ఆ నొక్కుడు.

పాప దిగి దిమ్మ దగ్గరకు వెళ్ళింది. వేలితో ఒక్కొక్క అక్షరం తాకుతూ చదివింది. "సో...మం...దే...పల్లి." రెండవదాని మొదటి అక్షరం రాలేదు. "ఇది ఏదో... ందూపురం."

"హిందూపురం" అన్నాడు మా అబ్బాయి. "మనకు సోమందేపల్లే కావాలి. పెద్దరోడ్డు అటే."

కారెక్కుతూ పాప వాడితో, "హ-కు పొట్ట ప్రక్కన ఇంకో గీత ఉంది నాన్నా, గుర్తుపెట్టుకో. నీకు ఊరికే చెబుతున్నాను, రూపాయి వద్దులే" అన్నది. సోమందేపల్లి చేరేదాకా వాడు ఏమీ మాట్లాడలేదు. చేరిన తరువాత దుకాణాల బోర్డులు తన లోపల తాను గొణుక్కుంటూ ఉంటే విన్నాను. విననట్టు కిటికీలోంచి చూశాను.

పెనుకొండ కోట ప్రక్కనుంచే పోయాము. 1565 యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు. ఎండ చూసి, మరొకసారి అనుకున్నాము. ధర్మవరం చేరేటప్పటికి మూడున్నర.

వదినగారు వీధి అరుగుమీదే కూర్చుని ఉన్నారు. పిల్లను దగ్గరకు తీసుకుని తల నిమిరారు. తరువాత ప్రక్కనున్న పలక తీసి బలపంతో, "ఎండలో వచ్చినావు, మజ్జిగ తాగుతావా?" అని వ్రాసి పాప ముఖం ఎదుట పెట్టారు. మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డాము. పాప పెదవులు కదిలాయి. "మ...జ్జి...గ!" అని అరిచింది. కన్నడంలో దాన్ని మజ్జిగె అంటారు. దారంతా బోర్డులమీద, బండ్లమీద చూసిన మాట. పలక లాక్కుని జవాబు వ్రాసింది: "పెద్దవ్వా, రెండు లోటాలు కావాలి."

అందులో సగం తెలుగు, సగం కన్నడం. "క" కన్నడపుది, కొన్ని అక్షరాల నెత్తిన కన్నడపు అడ్డగీత. వదినగారు కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. నవ్వారు. పాప చేతిలోంచి బలపం తీసుకుని, అడ్డగీత ఉన్న అక్షరాల నెత్తిన ఆ గీతలు తుడిచి, మన తలకట్టులు పెట్టారు, ఒక్కొక్కటీ చక్కగా, కోణంగా.

పాప పలక పట్టుకుని నా దగ్గరకు పరుగెత్తుకు వచ్చింది. "తాతా, చూడు! అన్నిటికీ రైటు మార్కు వేసింది!"

నేను దాన్ని ఖండించలేదు. తలకట్టు నిజంగా పంతులమ్మ వేసే రైటు మార్కులాగే ఉంటుంది. ఇన్నేళ్ళుగా వ్రాస్తున్నాను గాని నాకు తోచలేదు.

మర్నాడు ప్రక్కింటి గుంటమగ్గం దగ్గర పాపను కూర్చోబెట్టి పట్టుచీర నేత చూపించాము. సిల్క్‌బోర్డులో లేని సిల్కు ఇదేనని ఆమెకు తృప్తి కలిగింది. ఆ సాయంకాలమే మేము ముగ్గురం తిరుగు ప్రయాణమయ్యాము. ఈసారి పెద్దరోడ్డు వదలలేదు. పది రోజుల తరువాత మా అబ్బాయి ఒక్కడే వెళ్ళి పాపను తీసుకువచ్చాడు. పాప లెక్క ప్రకారం నా బాకీ నూటనలభైమూడు రూపాయలు. అందులో ఒత్తులవే ఎక్కువ. ఇచ్చుకున్నాను.

మొన్న ధర్మవరంనుంచి కార్డు వచ్చింది. ఎప్పటిలా కళ్ళజోడు పెట్టుకుని చదవబోతే పాప లాగేసుకున్నది. చిరునామాలో పేరు నాది కాదట, తనదట. కార్డు వీపు నావైపు తిప్పి పట్టుకుని, లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకున్నది. మా అబ్బాయి తలుపు దగ్గరకు పోయి, "ఏమని వ్రాసిందే పెద్దవ్వ?" అన్నాడు.

"నువ్వే చదువుకో నాన్నా" అని తలుపు సందులోంచి కార్డు వాడికి అందించింది. నాకు ఇంతవరకూ చూపలేదు.